రోగి పక్కన కూర్చోవడం నేర్చుకుందాం



రోగులను సందర్శించడం దయాకార్యమని చిన్ననాడే జ్ఞానోపదేశంలో కంఠస్థం చేశాం. మత్తయి సువార్త ఇరవై అయిదవ అధ్యాయంలో అంతిమ తీర్పునాడు క్రీస్తుప్రభువు అడిగేవాటిలో అదీ ఒకటి. వెళ్లాలని అందరికీ తెలుసు. వెళ్లి ఏం చేయాలో, ఏం మాట్లాడాలో మాత్రం మనకు ఎవరూ పెద్దగా నేర్పలేదు. ఈ వారం పాఠం దాని గురించే.

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా జరిగేదే చూడండి. పొగాకు పనికి పోయే ఒక ఇంటిపెద్దకు కడుపులో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. ఏలూరు, విజయవాడ, హైదరాబాదు తిప్పారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల ఆపరేషన్ ఖర్చు భారం చాలామందికి తగ్గిన మాట నిజం. కానీ బస్సు దిగి ఇంటికి చేరాక, అర్ధరాత్రి మెలకువ వచ్చి దూలాల వంక చూస్తూ పడుకునే మనిషి భయానికి ఏ కార్డూ పనిచేయదు.

ఆదివారం పూజ ముగిశాక పదిమంది వస్తారు. బ్రెడ్డు, బత్తాయిలు తెస్తారు. ఒకాయన, "మా తోడల్లుడికీ ఇదే జబ్బు, మూణ్ణెల్లు తిరక్కుండా పోయాడు" అంటాడు. ఇంకొకామె, "దేవుడు తనకు ఇష్టమైనవాళ్లనే పరీక్షిస్తాడు అన్నయ్యా" అంటుంది. కొడుకు మాత్రం, "ఏం లేదు బాబాయ్, అల్సరంతే" అని అందరితో చెబుతాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ ప్రేమతో వచ్చినవాళ్లే. అయినా వాళ్లు వెళ్లిపోయాక రోగి మునుపటికన్నా ఒంటరివాడవుతాడు.

1. బాధ ఒక్కటి కాదు, నాలుగు

ఇంగ్లాండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సుగా, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసింది. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండు దేశస్థుడు, అయినవాళ్లెవరూ దగ్గర లేక, క్యాన్సరుతో మరణిస్తుండగా ఆమె అతని పక్కన కూర్చుని మాట్లాడేది. ఆమె కట్టబోయే ఇంటికి ఒక కిటికీగా ఉంటానని చెప్పి అతడు 500 పౌండ్లు ఆమెకు వదిలిపోయాడు. ఆమె ఆ తర్వాత వైద్యవిద్య చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ అనే ఆశ్రయాన్ని తెరిచింది. నయంకాని జబ్బుతో ఉన్నవారికి అక్కడ వైద్యం, ఆదరణ కలిపి అందించారు.

ఆమె నేర్పిన ముఖ్యమైన పాఠం ఇది: రోగి బాధలో నాలుగు పాళ్లున్నాయి. ఒళ్లు నొప్పి ఒకటి. మనసులోని భయం, దిగులు రెండవది. అప్పులు, ఆగిపోయిన సంపాదన, పిల్లల పెళ్లిళ్లు మూడవది. "నాకే ఎందుకు? నా బతుక్కి అర్థమేమిటి? దేవుడు నన్ను క్షమించాడా?" అనే ఆత్మ వేదన నాలుగవది. వీటిలో ఒకటి పెరిగితే మిగిలినవీ పెరుగుతాయి. గట్టు తగాదాతో తమ్ముడితో మాటలు లేనివానికి నొప్పి మాత్ర వేసినా నిద్ర పట్టకపోవచ్చు. అలాగే నొప్పితో మెలికలు తిరిగేవానికి జపమాల చెప్పమంటే చెప్పలేడు.

నొప్పిని ఓర్చుకోవడమే పుణ్యం, మందు అడగరాదు అని కొందరు అనుకుంటారు. తిరుసభ అలా చెప్పలేదు. నొప్పి తగ్గించే మందులు వాడవచ్చునని పన్నెండవ పయస్ పోపుగారు 1957లోనే వైద్యులకు స్పష్టం చేశారు. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. వాటిని రోగులకు అందించడం సులువు చేయడానికి 2014లో మన దేశ చట్టాన్ని సవరించారు. కాబట్టి "నొప్పికి ఏం చేస్తారండీ?" అని డాక్టరుగారిని అడగడం మన బాధ్యత.

2. నిజం దాస్తే ఎవరికి మేలు?

"చెబితే గుండె ఆగిపోతుంది" అని రోగికి జబ్బు పేరు చెప్పరు. అతడు మాత్రం క్యాన్సర్ వార్డు బోర్డు చదివే ఉంటాడు. భార్య చీరచెంగుతో కళ్లు తుడుచుకోవడం చూసే ఉంటాడు. వాళ్లు బాధపడతారని అతడు అడగడు, అతడు బాధపడతాడని వాళ్లు చెప్పరు. ఒకే కప్పు కింద అందరూ విడివిడిగా ఏడుస్తారు. చెప్పుకోవలసిన మాటలు, తీర్చవలసిన అప్పు, అడగవలసిన క్షమాపణ అలాగే మిగిలిపోతాయి.

అలాగని నిజాన్ని రాయిలా విసరకూడదు. ముందు అడగాలి: "నాన్నా, డాక్టరుగారు నీకేం చెప్పారు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?" వద్దంటే ఆగాలి. కావాలంటే అడిగినంత మేరకు, మెల్లగా, చెయ్యి పట్టుకుని చెప్పాలి. వెంటనే, "ఏమైనా సరే, మేం నీ దగ్గరే ఉంటాం" అనాలి. అబద్ధంకన్నా ఆ మాట ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

3. యోబు మిత్రులు చేసిన మేలు, చేసిన తప్పు

యోబు కష్టం విని ముగ్గురు మిత్రులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద మాట లేకుండా కూర్చున్నారు. అదీ పరామర్శ అంటే! తర్వాత నోరు తెరిచారు. నీ పాపం వల్లే ఇదంతా అని వాదించారు. చివరికి దేవుడు కోపించింది వారిమీదే గాని, మొరపెట్టుకున్న యోబుమీద కాదు.

రోగి దేవునిమీద విసుక్కుంటే అతనికి విశ్వాసం పోయిందనుకోవద్దు. వినండి. కారణాలు వెతికి చెప్పవద్దు. ఇతరుల చావు కబుర్లు తీయవద్దు. నాటు వైద్యుల చిరునామాలు ఇవ్వవద్దు. పది నిమిషాలు మౌనంగా కూర్చున్నా చాలు. ప్రార్థన చేసేముందు, "చేయమంటారా?" అని అడగండి.

"నేను పోతేనే మీకు సుఖం" అని రోగి అంటే తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు ఇంట్లో లేకుండా చేయండి. డాక్టరుకు చెప్పండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

4. సేవచేసే మనిషిని మరవవద్దు

అందరూ రోగి ఎలా ఉన్నాడని అడుగుతారు. రాత్రంతా మేలుకుని, పక్కబట్టలు ఉతికి, పొద్దున్నే కూలికి పోయే అతని భార్యను, "నువ్వు తిన్నావా వదినా?" అని అడిగేవారు తక్కువ. ఆమెకూ కోపం వస్తుంది, విసుగు వస్తుంది, ఆ తర్వాత పాపం చేశానన్న బాధ వస్తుంది. అది పాపం కాదు, అలసట. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఆమె చెప్పదు. "మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు నేను కూర్చుంటాను, నువ్వు పడుకో" అని చెప్పి వెళ్లండి. పిల్లలకూ వారి వయసుకు తగినట్లు విషయం చెప్పాలి. చెప్పకపోతే తమ అల్లరివల్లే నాన్నకు జబ్బు చేసిందని కొందరు పసివాళ్లు అనుకుంటారు.

5. అభ్యంగనం అంటే భయమెందుకు?

గురువులు తైలంతో వస్తే ఇక అంతేనని మన ఊళ్లలో నేటికీ భయం. అందుకే స్పృహ తప్పాక కబురు పెడతారు. ఇది ఆఖరి ఘడియలో ఉన్నవారికి మాత్రమే చెందిన సంస్కారం కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే బోధించింది. జబ్బువల్ల గాని, వృద్ధాప్యంవల్ల గాని ప్రాణాపాయం మొదలైనప్పుడే దానిని పొందవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందే అడగండి. రోగి తన నోటితో ఆమెన్ అనగలిగినప్పుడు అది అతనికి బలం, ఇంటివారికి ఊరట.

6. మన విచారణలో ఏం చేయవచ్చు?

మన దేశంలో మొదటి ఆశ్రయం శాంతి అవేదన సదన్ 1986లో ముంబయిలో మొదలైంది. 1993లో కోళికోడ్ మెడికల్ కళాశాలలో చిన్న నొప్పి నివారణ క్లినిక్‌గా ఆరంభమైన పని కేరళ అంతటా వ్యాపించింది. అక్కడ ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, రోగుల ఇళ్లకు వెళ్లి, కబుర్లు చెప్పి, బియ్యం అందించి, నర్సుకు కబురు చేస్తారు. మన తెలుగువారికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి ఉపశమన వైద్య విభాగం ఉంది.

మనకు పెద్ద భవనం అక్కరలేదు. ప్రతి కుటుంబ కూటమిలో ఇద్దరు ముందుకొస్తే చాలు. ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారో రాసుకోవాలి. ఏ కులమని, ఏ మతమని చూడరాదు. మంచి సమరయుడు దారిలో పడివున్నవాణ్ణి నీదే ఊరని అడగలేదు గదా! ఆసుపత్రికి తోడు వెళ్లాలి, పింఛను కాగితాలు రాసిపెట్టాలి. మరణం తర్వాత కూడా, జ్ఞాపకార్థ పూజతో ఆగిపోకుండా, నెలనెలా ఆ గడప తొక్కాలి.

గెత్సెమనే తోటలో ప్రభువు శిష్యులను అడిగింది మందు కాదు, ఉపదేశం కాదు. తనతోపాటు మేలుకొని ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. ఈ వారం మన వీధిలో ఒకరు అదే అడుగుతున్నారు.

కూటమిలో చర్చకు

అ) మీకు జబ్బు చేసినప్పుడు ఎవరి మాట ఊరటనిచ్చింది? ఎవరి మాట గుచ్చుకుంది?

ఆ) మీ ఇంట్లో రోగికి నిజం దాచారా? దానివల్ల ఏం జరిగింది?

ఇ) మీ వీధిలో రోగికి సేవచేస్తున్నవారెవరు? ఈ వారం వారికి ఏ రోజు, ఎన్ని గంటలు ఇవ్వగలరు?