ఓట్సు గొంతు దిగనివారికి మన ఇంటి నాష్తా



ఈ మధ్య ఏ డాక్టరు దగ్గరికి పోయినా, ఏ పత్రిక తిరగేసినా ఒకటే మాట: "పొద్దుటి పూట ఓట్సు తినండి." షుగరుకు ఓట్సు, కొలెస్ట్రాలుకు ఓట్సు, బరువు తగ్గడానికీ ఓట్సే. సంగారెడ్డి కిరాణా దుకాణాలలో కూడా ఆ ప్యాకెట్లు వరుసగా కనిపిస్తున్నవి. మంచిదే గాని చాలామందికి అది గొంతు దిగదు. మాది వ్యవసాయ కుటుంబం. మూడేండ్ల కింద మా నాయినకు షుగరు ఉన్నదని తేలితే ఓట్సు తినమన్నారు. నాయిన నాలుగు దినాలు తిన్నాడు. ఐదో దినం "ఇది సినిమా పోస్టర్లు అంటించే మైదా పిండి లెక్క ఉన్నది, నాకొద్దు" అని గిన్నె పక్కకు నెట్టి, ఏమీ తినకుండనే చేనుకు పోయిండు. షుగరు గోలీ వేసుకున్న మనిషి ఖాళీ కడుపుతో ఎండలో పనిచేస్తే, కొన్ని రకాల మందులతో రక్తంలో చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చును. కనుక ఇది రుచికి సంబంధించిన చిన్న విషయం కాదు. ఓట్సు వద్దన్నవారికి ఏం పెట్టాలె? సైన్సు విద్యార్థిగా నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఓట్సులో ఉన్న విశేషమేమిటి?

ఓట్సు చల్లని దేశాల పంట. గోధుమ, బార్లీల వలె గడ్డిజాతి ధాన్యమే. దాని పేరు ప్రఖ్యాతులకు ముఖ్యకారణం బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం. ఇది నీటిలో కరిగి జిగురుగా మారుతుంది. ప్రేగులలో ఈ జిగురు ఆహారాన్ని చిక్కబరచి, గ్లూకోజు రక్తంలోకి మెల్లగా చేరేట్టు చేస్తుంది. పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకొని బయటికి పంపుతుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాలును వాడుకుంటుంది. ఆ విధంగా కొలెస్ట్రాలు తగ్గుతుంది. దినానికి 3 గ్రాముల బీటా గ్లూకాన్ గుండెకు మేలు చేస్తుందని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ 1997లో అనుమతించింది. అంత కావాలంటే సుమారు 75 గ్రాముల పొడి ఓట్సు తినవలెను.

అనగా, మా నాయిన దేనిని పోస్టర్ల పిండి అన్నాడో ఆ జిగురే ఓట్సుకు బలం! కాబట్టి ఓట్సు నచ్చనివారు రెండు సంగతులు చూసుకోవాలె. ఒకటి, పొట్టు తీయని, నిదానంగా అరిగే ధాన్యం. రెండు, నీటిలో కరిగే పీచు మరొక దారిన అందడం. ఈ రెండూ మన ఇండ్లలోనే ఉన్నవి.

మన గింజల లెక్క

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాములలో పీచు పదార్థం తెల్ల బియ్యంలో 2.8 గ్రాములు మాత్రమే. జొన్నలలో 10.2, తైదలలో (రాగులలో) 11.2, సజ్జలలో 11.5 గ్రాములు. ఇనుము బియ్యంలో 0.65 మిల్లీగ్రాములైతే జొన్నలలో సుమారు 4, సజ్జలలో 6.4. సున్నం, అనగా కాల్షియం, బియ్యంలో 7.5 మిల్లీగ్రాములు, తైదలలో 364! పీచు విషయంలో మన గింజలు ఓట్సుకు ఏమాత్రం తీసిపోవు.

అయితే నిజం నిజంగా చెప్పుకోవాలె. బీటా గ్లూకాన్ ప్రధానంగా ఓట్సు, బార్లీలలోనే ఎక్కువ. జొన్నలో ఆ జిగురు అంతగా లేదు. ఆ లోటును పెసలు, శనగలు, బొబ్బెర్ల వంటి పప్పుజాతి గింజలు, మెంతులు తీరుస్తవి. మెంతులను నానబెడితే వచ్చే జిగట కూడా నీటిలో కరిగే పీచే.

ఒక్క జొన్నతోనే సరిపోదు

మన పూర్వులు జొన్నలు తిని ఉక్కు మనుషుల లెక్క బతికినారని సభలలో చెబుతుంటారు. అది సగం నిజమే. దక్కనులో కూర, పప్పు, పాలు లేకుండా కేవలం జొన్న మీదే బతికిన పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనబడేది. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. హైదరాబాదులో ఈ వ్యాధిని పరిశోధించిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు, జొన్న ప్రోటీనులో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. దీనివల్ల మనకు తెలిసేదేమంటే, జొన్న మంచిదే గాని దానికి తోడు కావాలె. రొట్టె పక్కన పప్పో, పల్లీల పొడో, ఆకుకూరో, చల్లనో ఉన్నప్పుడే అది పూర్తి ఆహారం.

పొద్దుగాల ఏం తినవచ్చు?

1. జొన్న రొట్టె, పప్పు లేక పుంటికూర: జొన్నలో గోధుమకున్న గ్లూటెన్ లేదు. అందుకే పిండి సాగదు. మా అమ్మ మసిలే నీళ్లు పోసి పిండి కలుపుతుంది. ఆ వేడికి పిండిలోని స్టార్చి కొంత ఉడికి జిగి వస్తుంది. రొట్టె విరగకుండా చేతితో కొట్టడానికి అదే ఆధారం. జహీరాబాదు వైపు చేసే ఖడక్ రొట్టెలు కొన్ని దినాలు నిలువ ఉంటవి. పాశమైలారం, బొల్లారం కార్ఖానాలలో పొద్దుటి షిఫ్టుకు చీకటితోనే బయలుదేరేవారికి ఇంతకన్న సులువైన నాష్తా లేదు.

2. గట్క: జొన్నలను రవ్వగా విసిరి, ఒక గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్లతో మెత్తగా ఉడికించి చల్లతో తినడం. రాత్రి నానబెడితే తొందరగా ఉడుకుతుంది. ఉప్మా ఇష్టమైనవారు ఇదే రవ్వను ఉల్లిగడ్డ, క్యారెట్, పల్లీలు వేసి తాలింపు పెట్టుకోవచ్చును.

3. అంబలి: తైద పిండిని గాని జొన్న పిండిని గాని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి, తెల్లవారి కాచి, చల్లారిన తరువాత చల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు కలుపుతారు. పులియడంలో శాస్త్రం ఉన్నది. గింజలలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును పట్టి ఉంచుతుంది. పులిసినప్పుడు, మొలకెత్తినప్పుడు ఆ ఆమ్లం కొంత విరిగిపోయి లోహాలు ఒంటికి పడతవి.

4. గుడాలు: పెసలు, బొబ్బెర్లు, శనగలు రాత్రి నానబెట్టి ఉడికించి, పైన నిమ్మరసం పిండాలె. పెసలలో 100 గ్రాములకు 22 గ్రాములకు పైగా ప్రోటీను ఉన్నది. నిమ్మలోని సి విటమిను ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. వెంటనే చాయ తాగితే మాత్రం దానిలోని టానిన్లు ఆ ఇనుమును అడ్డగిస్తవి. చాయ ఒక గంట ఆగి తాగండి.

5. హాస్టలు మిత్రులకు: పొయ్యి లేకున్నా మొలకెత్తిన పెసలు, గుప్పెడు పల్లీలు, ఒక అరటిపండు చాలును. అటుకులు పెరుగులో కలుపుకున్నా సరే. సదాశివపేట, జోగిపేట నుండి బస్సులలో నిలబడి, ఖాళీ కడుపుతో మొదటి పీరియడుకు వచ్చేవారు మన తరగతిలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలిసిందే.

కొన్ని జాగ్రత్తలు

తైద జావ మంచిదని షుగరు ఉన్నవారు లోటాలకు లోటాలు తాగకూడదు. మెత్తని పిండిని పలుచగా కాచితే తొందరగా అరిగి చక్కెర వేగంగా పెరుగుతుంది; అందులో బెల్లం వేస్తే ఇక చెప్పేదే లేదు. వారికి రొట్టె, గుడాలు, ముతక రవ్వ మేలు. మన గింజలలోనూ పిండిపదార్థమే ఎక్కువ కనుక కొలత తప్పనిసరి. ఇన్సులిన్ తీసుకునేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆహారం మార్చరాదు. మా నాయిన ఇప్పుడు పొద్దున రెండు జొన్న రొట్టెలు, పెసరపప్పు తిని గోలీ వేసుకుంటున్నాడు. గోలీ మాత్రం మానలేదు, మానకూడదు కూడా.

గింజ మన దగ్గరిదే

ప్రపంచమంతటా జొన్న, సజ్జల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1972లో స్థాపితమై మన పటాన్‌చెరులోనే ఉన్నది. అక్కడి విత్తన భాండాగారంలో ఎన్నో దేశాల జొన్న రకాలు భద్రంగా ఉన్నవి. ఇనుము ఎక్కువగా ఉండే "ధనశక్తి" సజ్జ రకం రూపొందడంలో ఆ సంస్థకు ప్రధాన పాత్ర ఉన్నది. జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో 1983 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత విత్తనాలను కాపాడుతూ వస్తున్నవి. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకున్నది.

ఇంత ఉన్నా మన కంచాలలో జొన్న తగ్గింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలును మరువరాదు. కాని దానితోపాటు అన్నం తినడం గౌరవం, గట్క తినడం నామోషీ అన్న భావం కూడా బలపడింది. చేలల్లో పత్తి వచ్చింది. జొన్న వేసిన రైతుకు పిట్టల కావలి, కొనేవారు లేని బాధ మిగిలినవి. మనం తింటేనే కొనేవారు ఉంటారు. కొనేవారుంటేనే రైతు వేస్తాడు.

కనుక విద్యార్థి సంఘానికి నాదొక మనవి. మన కళాశాల క్యాంటీనులో పూరీ, మైసూరు బజ్జీల పక్కన వారానికి రెండు దినాలైనా జొన్న రొట్టె, గుడాలు పెట్టించండి. ఆ జొన్నలను మన విద్యార్థుల ఇండ్లలోనే, రైతుల దగ్గర నేరుగా కొనండి. ఓట్సు ఇష్టమైనవారు ఓట్సే తినవచ్చును, తప్పులేదు. అది గొంతు దిగనివారు మాత్రం ఖాళీ కడుపుతో బస్సెక్కవద్దు.