హెపటైటిస్‌లో సైటోకైన్లు: పరీక్షకు ముందు ఓసారి

సైటోకైన్లు: రోగనిరోధక కణాల మధ్య సంకేతాలు మోసే చిన్న ప్రొటీన్లు. ఇంటర్‌ఫెరాన్లు, ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్‌ఎఫ్ ఈ కోవలోవే.

ఇంటర్‌ఫెరాన్ ఆవిష్కరణ: 1957, లండన్, ఐజాక్స్, లిండెన్‌మన్. టైప్-1: ఆల్ఫా, బీటా. టైప్-2: గామా. టైప్-3: లామ్డా. ఏది ఏ టైపో జతపరచమనడం మామూలే.

ముఖ్యం: హెపటైటిస్-బి, సి లలో కాలేయాన్ని ప్రధానంగా దెబ్బతీసేది వైరస్ కాదు, సోకిన కణాలపై మన టీ కణాల దాడి. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రకటన-కారణం ప్రశ్నగా రావచ్చు.

గామా ఇంటర్‌ఫెరాన్, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా: బి వైరస్‌ను కణాన్ని చంపకుండానే అణచగలవు. ఐఎల్-10: వాపును తగ్గిస్తుంది, వైరస్ తిష్ఠకూ తోడ్పడుతుంది. టీజీఎఫ్-బీటా: స్టెల్లేట్ కణాలను ప్రేరేపిస్తుంది, కొల్లాజెన్ పేరుకుని ఫైబ్రోసిస్, ముదిరితే సిర్రోసిస్.

వైరస్ ఎత్తుగడ: సి వైరస్ ఎన్‌ఎస్3/4ఏ ప్రొటియేజ్ మావ్స్ ప్రొటీన్‌ను కోసి, ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని ఆపుతుంది. లామ్డా-3 జన్యువు (ఐఎల్28బి) దగ్గరి తేడాలకు సి నుంచి కోలుకోవడంతో సంబంధం ఉందని 2009లో తేలింది.

చికిత్స: సి కి ఒకప్పుడు పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్, ఇప్పుడు సోఫోస్‌బువిర్ వంటి నేరుగా పనిచేసే మాత్రలు.

నోబెల్: బి కి బ్లంబర్గ్, 1976, సి కి ఆల్టర్, హౌటన్, రైస్, 2020. బ్లంబర్గ్ పుట్టినరోజు జులై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది 2018లో అదే తేదీన.

శాంతా బయోటెక్నిక్స్, హైదరాబాద్: దేశీయ రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా, 1997. గ్రూప్స్ అభ్యర్థులు దీన్ని వదలొద్దు.