నిద్ర లేవగానే వచ్చే కుదుపులు



ఏడాదిలోపు పిల్లలకు వచ్చే మూర్ఛల్లో ఒకటి చూడ్డానికి మూర్ఛలా ఉండదు. నోట్లో నురగ రాదు, కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకోవు, జ్వరం ఉండదు. డాక్టర్లు దాన్ని ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అంటారు. వెస్ట్ సిండ్రోమ్ అన్న పేరూ ఉంది.

చాలామందిలో ఇది నాలుగో నెలకూ ఎనిమిదో నెలకూ మధ్య మొదలవుతుంది. బిడ్డ నిద్ర లేచి పక్కమీదే ఉంటుంది. ఉన్నట్టుండి తల ముందుకు వాలుతుంది, చేతులు రెండూ పక్కలకు చాచుకుంటాయి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాయి. ఒకటి రెండు సెకన్లలో ఒళ్ళు వదులవుతుంది. కాసేపటికి మళ్ళీ అదే కుదుపు, అచ్చం అదే తీరున. ఇలా వరసగా పదో ఇరవయ్యో వస్తాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మధ్యలో బిడ్డ ఏడవచ్చు. కొందరు ముందుకు ముడుచుకోకుండా వెనక్కి విరుచుకుంటారు. ఇంకొందరిలో చిన్నగా తల ఊపడం, కనుగుడ్లు పైకి తిప్పడం తప్ప ఏమీ కనిపించదు.

ఇంట్లో దీన్ని కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పట్టిస్తారు, ఉలికిపాటు అనుకుని దిష్టి తీస్తారు. దిష్టి తీస్తే నష్టం లేదు గాని, దాంతో సరిపెట్టుకుంటే రోజులు పోతాయి. వాతలు పెట్టడం మాత్రం శుద్ధ తప్పు. కడుపునొప్పితో ఏడ్చే బిడ్డ ఆగకుండా మెలికలు తిరుగుతుంది, గడియారం పెట్టినట్టు ఆగి ఆగి ముడుచుకోదు. ఉలికిపాటుకు ఏదో చప్పుడో కదలికో ఉండాలి, పైగా అది నాలుగైదు నెలలకు పోతుంది. నిద్రలో మాత్రమే వచ్చే చిన్న చిన్న అదురులు బిడ్డను లేపితే ఆగిపోతాయి. మరో గుర్తు కుదుపుల కన్నా ముందే కనిపించవచ్చు: నవ్వే బిడ్డ నవ్వు మానేస్తుంది, తల్లి ముఖంకేసి చూడదు, నిలబడ్డ మెడ మళ్ళీ వాలిపోతుంది.

ఈ జబ్బును మొదట వర్ణించింది ఒక ఉత్తరం. 1841లో ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ లాన్సెట్ పత్రికకు రాశాడు. రోగి ఆయన సొంత కొడుకు. సలాము చేసినట్టు వంగే ఆ కుదుపులకు జలగలు పట్టించారు, చిగుళ్ళు కోయించారు, నల్లమందూ ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు.

ఇప్పుడు మెదడు తరంగాలను చూపే ఈఈజీ పరీక్ష ఉంది. కుదుపుల మధ్య కూడా మెదడు తరంగాలు పెద్దవిగా, చిందరవందరగా కనిపిస్తాయి. దాన్ని హిప్సరిథ్మియా అంటారు. కొందరిలో ఇది నిద్రలోనే బయటపడుతుంది కాబట్టి నిద్ర, మెలకువ రెండూ కలిసిన ఈఈజీ తీయాలి. మెలకువలో కాసేపు తీసిన ఈఈజీ బాగుంటే జబ్బు లేదని కాదు. కారణం వెతకడానికి ఎమ్మారై తీస్తారు. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, తొలి రోజుల్లో చక్కెర పడిపోవడం, మెదడు ఏర్పడడంలో తేడా, జన్యు లోపాలు, డౌన్ సిండ్రోమ్ వంటివి ఎక్కువగా కనిపించే కారణాలు. ఒంటిమీద తెల్లటి ఆకుల్లాంటి మచ్చలుంటే జన్యు లోపంతో వచ్చే ట్యూబరస్ స్క్లెరోసిస్‌ను అనుమానిస్తారు. కొందరిలో ఏ కారణమూ దొరకదు. కారణం ఏదైనా, ఇది తల్లి తిన్న తిండి వల్లనో, ఎత్తుకున్న తీరు వల్లనో వచ్చేది కాదు.

డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఫోనులో తీసిన వీడియో. బిడ్డ ముఖం, చేతులు, కాళ్ళు కనిపించేలా, వరస మొదటినుంచి చివరిదాకా తీయాలి. ఆస్పత్రిలో ఆ సమయానికి కుదుపు రాకపోవచ్చు. అనుమానం వచ్చిన రోజే పిల్లల నరాల డాక్టరుకు చూపించాలి. వచ్చే వారం టీకాలకు వెళ్ళినప్పుడు చూపిద్దామంటే కుదరదు. వైద్యం ఆలస్యమయ్యే కొద్దీ మెదడు ఎదుగుదలకు దెబ్బ తగులుతుంది.

మామూలు ఫిట్స్ మందులు దీనికి అంతగా పనిచేయవు. ఏసీటీహెచ్ ఇంజెక్షను, ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, విగాబాట్రిన్ అసలు మందులు. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్న బిడ్డకు విగాబాట్రిన్‌నే ముందు ఎంచుకుంటారు. అది కొందరి చూపు మీద ప్రభావం చూపవచ్చు గనుక కళ్ళ పరీక్ష తప్పదు. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు బీపీ, షుగరు, ఇన్‌ఫెక్షన్ కనిపెట్టుకుని ఉండాలి. టీకా వేయించే ముందు డాక్టరునడగాలి. ఒళ్ళు ఉబ్బిందని మందు హఠాత్తుగా మానేస్తే ప్రాణానికే ప్రమాదం.

రెండు వారాలకు మళ్ళీ ఈఈజీ తీస్తారు. కుదుపులు పూర్తిగా ఆగాలి, తరంగాలు కుదుటపడాలి. రోజుకు యాభై వచ్చేవి అయిదుకు దిగినా, ఈ జబ్బులో దాన్ని తగ్గడం అనరు, మందు మారుస్తారు.