చిన్న సరకు బండికి పెట్రోలు ఇంజనా, డీజిలు ఇంజనా?

బిచ్కుంద నుండి బాన్సువాడకును, మద్నూరు మీదుగా దెగ్లూరునకును సాగు మార్గములపై చిన్న సరకు బండ్లు విరివిగా కనిపించును. పత్తి, సోయాబీను, కంది, పెసర మొదలగు పంటలు పల్లె నుండి మార్కెట్టునకు చేరుటకును, సిమెంటు, ఎరువులు, కిరాణా సరకులు పల్లెకు వచ్చుటకును ఇవియే ఆధారము. చదువు ముగించుకొని ఉద్యోగము దొరకని యువకుడు బ్యాంకు రుణముతో ఇట్టి బండి నొకదానిని కొని, కిరాయికి నడుపుకొని, కుటుంబమును పోషించుకొనుట మన ప్రాంతమున గౌరవప్రదమైన జీవనోపాధి. బండి కొనుటకు ముందు అతని యెదుట నిలుచు ప్రశ్న యొకటి కలదు: పెట్రోలు ఇంజను మేలా, డీజిలు ఇంజను మేలా? దీనికి అంగడిలో వినవచ్చు జవాబు "డీజిలే చౌక" అనునది. ఈ మాట అందరికిని వర్తించునా? లెక్క వేయక నమ్మినచో నెలవాయిదా బరువై, కొన్న బండియే చేజారు ప్రమాదము కలదు. కావున ఈ విషయమును శాస్త్రరీత్యా పరిశీలింతము.

రెండు ఇంజనుల పనితీరు

జర్మనీ దేశీయుడైన నికొలౌస్ ఆటో 1876లో నాలుగు ఘాతముల ఇంజనును విజయవంతముగ నడిపించెను. నేటి పెట్రోలు ఇంజనులకు అదియే మూలము. రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన పద్ధతికి పేటెంటు కోరి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున తన ఇంజనును జయప్రదముగ ప్రదర్శించెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఇట్టి చిన్న ఇంజను నొకదానిని వేరుశనగ నూనెతో నడిపిరి.

పెట్రోలు ఇంజనులో గాలియు, పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును పిస్టను సుమారు పదోవంతునకు కుదించును. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వతో దానిని మండించును. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని మాత్రమే 16 నుండి 22 రెట్లు కుదించుటచే దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటును. ఆ కాగిన గాలిలోనికి చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. కుదింపు అధికమైనకొలది ఇంధనమునందలి శక్తిలో ఎక్కువ భాగము పనిగా మారును. అంతేగాక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి యుండగా, లీటరు డీజిలులో సుమారు 36 మెగాజౌళ్ళు కలవు. డీజిలు బండి లీటరుకు ఎక్కువ దూరము పోవుటకు ఈ రెండును కారణములు.

అయితే అంత కుదింపును తట్టుకొనుటకు డీజిలు ఇంజను బరువుగను, దృఢముగను ఉండవలెను. ఇంధనమును మిక్కిలి ఒత్తిడితో చిమ్ము పంపు, ఇంజెక్టర్లు ఖరీదైనవి. కావుననే డీజిలు బండి వెల ఎక్కువ.

"డీజిలు చౌక" అను మాట పుట్టిన కాలము

1980ల దశకమున మన జహీరాబాదులో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారముతో తేలిక ట్రక్కులను తయారుచేసెను. అవి డీజిలు బండ్లే. 2005లో వెలువడి "ఛోటా హాథీ" అని పేరుపడిన టాటా ఏస్ కూడ 702 ఘనసెంటీమీటర్ల రెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతోనే వచ్చెను. ఆ కాలమున ప్రభుత్వము ధరను అదుపుచేయుటచే డీజిలు పెట్రోలుకన్న చాల చౌకగ లభించెను. 2010 జూన్‌లో పెట్రోలు ధరపైనను, 2014 అక్టోబరులో డీజిలు ధరపైనను ఆ అదుపు తొలగిపోయెను. రెండింటి నడుమ అంతరము తగ్గెను.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 కాలుష్య నియమములు అమలులోనికి వచ్చెను. వానికి అనుగుణముగ డీజిలు ఇంజనును మార్చుట వ్యయముతో కూడినది. 2016లో డీజిలు ఇంజనుతో వచ్చిన మారుతి సూపర్ క్యారీ ఆ పిదప డీజిలును విడిచి, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుతో నిలిచెను. టాటా ఏస్ సైతము 2020లో పెట్రోలు ఇంజనుతో వెలువడెను. ఈ 694 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను తిప్పుబలము, అనగా టార్క్, 55 న్యూటన్ మీటర్లు కాగా, అదే కాలపు ఏస్ డీజిలుది 45 మాత్రమే. డీజిలు ఇంజనుకే లాగు బలమెక్కువ అనునది అన్ని బండ్లకును చెల్లదని దీనివలన తెలియుచున్నది. అయితే డీజిలు తన పూర్తి బలమును తక్కువ వేగమున తిరుగునప్పుడే ఇచ్చును. నిండు బరువుతో మెల్లగ ఎత్తు ఎక్కునప్పుడు ఆ గుణము అక్కరకు వచ్చును.

ఒక లెక్క

ఇప్పుడు కాగితము, కలము చేతబట్టుదము. ఈ క్రింది అంకెలు ఉదాహరణకై ఊహించినవి. కొనువాడు ఆనాటి ధరలను వేసికొనవలెను.

లీటరు పెట్రోలు 108 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకొందము. పెట్రోలు బండి లీటరుకు 14 కి.మీ., డీజిలు బండి 18 కి.మీ. నడచునట్లయిన, ఇంధన వ్యయము కి.మీ.కు వరుసగ 7 రూపాయల 71 పైసలు, 5 రూపాయల 33 పైసలు. భేదము 2 రూపాయల 38 పైసలు. డీజిలు బండి మరమ్మతులకు కి.మీ.కు 38 పైసలు అధికముగ అగుననుకొనిన, నికరముగ మిగులునది 2 రూపాయలు.

డీజిలు బండి వెల 60,000 రూపాయలు ఎక్కువ అనుకొందము. ఆ మొత్తమును 11 శాతము వడ్డీతో 4 సంవత్సరముల వాయిదాలపై తీర్చినచో, వడ్డీతో కలిపి సుమారు 74,400 రూపాయలగును. దీనిని 2 రూపాయలచే భాగింపగ 37,200 కి.మీ. వచ్చును. అంతదూరము నడచిన పిదపనే డీజిలు బండి లాభమునిచ్చుట మొదలిడును.

ఇద్దరు యువకులను తీసికొందము. మొదటివాడు బిచ్కుంద చుట్టుపట్ల గ్రామములకు కూరగాయలు, కిరాణా చేరవేయుచు రోజునకు 40 కి.మీ. చొప్పున 300 రోజులలో 12,000 కి.మీ. తిరుగును. అతనికి ఆ దూరము పూర్తియగుటకు మూడు సంవత్సరములు దాటును. నాలుగేండ్లలో అతనికి మిగులునది 21,600 రూపాయలు, అనగా నెలకు 450 రూపాయలు. రెండవవాడు నిజామాబాదు, దెగ్లూరు, నారాయణఖేడ్ మార్కెట్లకు ధాన్యము, పప్పులు తరలించుచు రోజునకు 120 కి.మీ. తిరుగును. అతనికి ఏడాది దాటిన కొద్ది దినములకే ఆ దూరము పూర్తియగును. నాలుగేండ్లలో మిగులు 2,13,600 రూపాయలు. ధరలు ఒకటే, బండ్లు ఒకటే, తిరుగు దూరము మాత్రమే వేరు.

లెక్కకు అందని విషయములు

మొదటిది, నేటి డీజిలు బండ్లలో పెక్కింటికి పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యుండును. అది సుమారు 600 డిగ్రీల వేడిలో మసిని కాల్చివేసి శుభ్రపడును. అంత వేడి పుట్టవలెనన్న బండి కొంతసేపు ఎడతెగక నడువవలెను. రెండు కి.మీ.లకొకసారి ఆగు బండిలో మసి పేరుకొని జల్లెడ మూసికొనిపోవచ్చును. మన మొదటి యువకుని నెలకు 450 రూపాయల లాభము ఒక్క మరమ్మతులోనే హరించును.

రెండవది, 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలుపుట స్థిరపడినది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్న సుమారు మూడోవంతు తక్కువ. కావున పెట్రోలు బండి మైలేజీ కొంత తగ్గును. కంపెనీవారి ప్రకటనను గాక, అట్టి బండిని నడుపువారి అనుభవమును అడిగి లెక్కలో వేయవలెను.

మూడవది, తిరుగు ప్రయాణము. సరకు దింపి ఖాళీగ వచ్చునప్పుడును ఇంధనము కాలును. రాకపోకల దూరమంతటిని ఒకవైపు కిరాయితో పోల్చి చూడవలెను.

నాలుగవది, మెకానిక్. నేటి ఇంజను పరీక్షకు కంప్యూటరు పరికరము కావలెను. అది సమీపమున లేనిచో బండి నిలిచిన ప్రతి దినము కిరాయి నష్టము.

ముగింపు

దగ్గరి దూరములు, తరచు ఆగుట, తేలిక బరువు అయినచో పెట్రోలు; దూర ప్రయాణములు, నిండు బరువు, ఏడాది పొడుగున పని అయినచో డీజిలు తగియుండును. ఇంధనపు పేరు చూచి గాక, పని చూచి ఇంజనును ఎన్నుకొనవలెను. విద్యార్థులారా! మీ యింటగాని, మీ వాడలోగాని ఎవరైన బండి కొనదలచినచో, "రోజునకు ఎన్ని కిలోమీటర్లు తిరిగెదరు?" అను ప్రశ్నను మొదట అడుగుడు. తరగతిలో నేర్చిన భాగహారమును, వడ్డీ లెక్కను వారి ముందుంచుడు. ఒక కుటుంబపు నాలుగేండ్ల కష్టార్జితమును కాపాడుటకు ఆ లెక్క ఉపకరించును.