కట్టుడు పళ్ళు: వాడకం, శుభ్రత, కొన్ని మసాయిల్

తల్లిదండ్రుల్లో ఒకరుగానీ ఇద్దరూగానీ వృద్ధాప్యానికి చేరితే వారితో ‘ఉఫ్’ అని కూడా అనరాదని దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞను జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కానీ దస్తర్‌ఖాన్ దగ్గర అది గుర్తుండదు. అందరి ముందూ జొన్నరొట్టె, మాంసం కూర ఉంటాయి. పళ్ళు ఊడిపోయిన అబ్బాజాన్ మాత్రం అన్నంలో పాలు పోసుకుని మెత్తగా పిసుక్కుంటూ ఉంటారు. పళ్ళు కట్టిద్దామని ఎవరైనా అంటే, “ఈ వయసులో ఇంకా ఏం పళ్ళు?” అని మనమే మాట తేల్చేస్తాం. పళ్ళు లేనివారు పప్పుధాన్యాలు, మాంసం, పచ్చి కూరగాయలు మానేసి బలహీనపడతారు. మాట స్పష్టంగా రావడం లేదని సిగ్గుపడి మస్జిద్‌లో నలుగురి మధ్య కూర్చోవడం తగ్గిస్తారు. కనుక పెద్దలకు పళ్ళు కట్టించడం సోకు కాదు, వారి హక్కుల్లో ఒకటి.

షాద్‌నగర్ వాసులకు ఇది మరీ దూరాభారం కాదు. అటు హైదరాబాద్, ఇటు మహబూబ్‌నగర్ రెండూ దాదాపు 50 కిలోమీటర్లే. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలల్లో పని విద్యార్థుల చేత, అధ్యాపకుల పర్యవేక్షణలో జరుగుతుంది. కాస్త ఎక్కువసార్లు తిరగాల్సి వస్తుంది, అంతే.

పళ్ళు తీయించిన వెంటనే సెట్టు కొలత ఇవ్వకూడదు. చిగుళ్ళు మానడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగమంటారు. ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు వెళ్ళాలి. మొదట చిగుళ్ళ అచ్చు తీస్తారు. తర్వాత పై దవడ, కింది దవడ కలిసే తీరు కొలుస్తారు. మైనం మీద పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూపిస్తారు. అద్దంలో చూసుకుని, పది మాటలు మాట్లాడి, నచ్చనిది చెప్పవలసింది అప్పుడే. అక్రిలిక్ పోసి గట్టిపరిచాక మార్చడం కష్టం. ఫుట్‌పాత్ మీద గంటలో పళ్ళు పెట్టే వారి దగ్గరకు మాత్రం పెద్దల్ని తీసుకెళ్ళకండి. వారు ఆ పదార్థాన్ని నోట్లోనే గట్టిపడనిస్తారు. చిగుళ్ళు కాలతాయి, పళ్ళు తీసి కడుక్కునే వీలూ ఉండదు.

ఇంత తిరిగి చేయించిన సెట్టు ఎన్నో ఇళ్ళల్లో వారం రోజులకే అల్మారాలో డబ్బాలో పడి ఉంటుంది. “గుచ్చుకుంటోంది, వాంతికొస్తోంది, నాకొద్దు” అంటారు పెద్దలు. మొదటి నెల ఎవరికైనా ఇలాగే ఉంటుందని వారికి ముందే చెప్పేవారు లేరు. నోట్లో లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, కింది సెట్టు కదులుతుంది. గుచ్చుకున్న చోట పుండు పడితే డాక్టరు దగ్గర అరగదీయించుకోవాలి. కొందరు ఇంట్లోనే ఆకురాయితో రుద్దుతారు, దానితో సెట్టు పాడవుతుంది. తిండి ఖిచ్డీ, మెత్తని అన్నంతో మొదలుపెట్టాలి. చిన్న ముద్దలు చేసుకుని రెండు వైపులా సమంగా నమలాలి. మాట కుదరడానికి రోజూ గట్టిగా చదవడమే మందు. ఖుర్‌ఆన్ పారాయణం చేసేవారికి దీని అవసరం మరీ ఎక్కువ. ‘సా’, ‘జాల్’, ‘జా’ అక్షరాలు నాలుక కొన పై ముందు పళ్ళ అంచును తాకితేనే సరిగ్గా పలుకుతాయి. ‘ఫా’కు కింది పెదవి ఆ పళ్ళకు తగలాలి. మనవడో మనవరాలో పక్కన కూర్చుని రోజుకొక రుకూ విన్నా దాదాజాన్‌కు ధైర్యం వస్తుంది.

భోజనం చేసిన ప్రతిసారీ సెట్టు తీసి కడగాలి. చేయి జారితే పగలకుండా కింద నీళ్ళ గిన్నె పెట్టుకోవాలి. మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు చాలు. టూత్‌పేస్టు గరుకుదనానికి గీతలు పడి వాటిలో మురికి చేరుతుంది. వేడినీళ్ళకు ఆకారం వంకరపోతుంది. రాత్రి పడుకునే ముందు తీసి చల్లని నీళ్ళలో ఉంచాలి. పళ్ళు లేకుండా ఇంట్లోవారికి కనిపించడం ఇష్టంలేక చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, ఈ ఒక్క మాట వినరు. 2015లో వెలువడిన జపాన్ పరిశోధన ఒకటి 85 ఏళ్ళు పైబడిన 524 మందిని పరిశీలించింది. పళ్ళు పెట్టుకుని నిద్రించేవారికి న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. రెండు మూడు పళ్ళుండే చిన్న సెట్టు నిద్రలో గొంతులోకి జారే ప్రమాదమూ ఉంది.

ఇక మసాయిల్. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం వుజూలో పుక్కిలించడం సున్నత్, కనుక పళ్ళు తీయకపోయినా వుజూ అవుతుంది. గుసుల్‌లో మాత్రం నోరంతా తడవడం ఫర్జ్. కాబట్టి తీయడానికి వీలయ్యే సెట్టును తీసే పుక్కిలించాలి. తీయలేని విధంగా బిగించిన పళ్ళకు ఈ నియమం లేదు. పళ్ళు లేనివారు వేలితో చిగుళ్ళు రుద్దుకున్నా మిస్వాక్ పుణ్యం దక్కుతుందని ధర్మవేత్తలు రాశారు. సెట్టు నోట్లో ఉన్నంత మాత్రాన రోజా భంగం కాదు. అయితే దాని కింద ఇరుక్కున్న ఆహారం శనగగింజంతో అంతకు మించో ఉండి, దాన్ని మింగితే రోజా పోతుంది. సహరీ ముగియకముందే పళ్ళు తీసి కడిగితే ఆ బెంగ ఉండదు. అతికించే పొడి గొంతులోకి దిగవచ్చు గనుక పగలు వాడకపోవడమే మేలు.

పురుషులు బంగారు పన్ను కట్టించుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన వేయగా, బంగారంతో చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉన్న ఈ హదీసు ఆధారంగా అవసరానికి బంగారు పన్ను పెట్టించుకోవచ్చని అనేకమంది ధర్మవేత్తలు అన్నారు. ఇమామ్ అబూహనీఫా (రహ్మ) వెండి చాలన్నారు, ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) బంగారానికీ అనుమతించారు. అయితే అక్రిలిక్, పింగాణీ పళ్ళు సులభంగా దొరికే ఈ రోజుల్లో మెరుపు కోసం బంగారం పెట్టించుకునేవాడు అవసరమని చెప్పుకోలేడు.

హజ్‌కు వెళ్ళే పెద్దలకు కొత్త సెట్టు చేయించాలనుకుంటే ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందే పూర్తి చేయించండి. శంషాబాద్‌లో విమానం ఎక్కేనాటికి పుండ్లు మాని, నమలడం అలవాటై ఉండాలి. మూత గట్టిగా పడే డబ్బా ఒకటి చేతిసంచిలో పెట్టండి. వుజూ ఖానాలో పళ్ళు తీసి గట్టు మీద పెట్టి మరచిపోవడం తేలిక. ఇహ్రామ్‌లో ఉన్నప్పుడు సువాసన సబ్బుతో కడగరాదు, బ్రష్షు, మంచినీళ్ళు సరిపోతాయి.