స్టార్టర్ డబ్బా ట్రిప్పు కొడుతోందా? మోటరు పైకి తీయకముందే ఇవి చూడండి

యాసంగి వరి పొట్టకొచ్చే వేళకే బోరు మోటర్లు మొరాయించడం మొదలవుతుంది. నిజాంసాగర్, పోచారం కాల్వలు అందని కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్ట భూములన్నింటికీ బోరే దిక్కు. స్టార్టర్ రెండుసార్లు ట్రిప్పు కొట్టిందంటే చాలు, ‘మోటరు కాలింది, పైకి తీయాలె’ అని మెకానిక్ తేల్చేస్తాడు. పైపులు ఎత్తే కూలీ, బండి కిరాయి, వైండింగు ఖర్చు, మళ్లీ దించే ఖర్చు అన్నీ కలిసి రెండెకరాల రైతుకు మోయలేని భారమవుతుంది. ఈలోపు నీళ్లందక వరి తాలు పోతుంది. తీరా పైకి తీసి చూస్తే ఒక్కోసారి మోటరు బాగానే ఉంటుంది. లోపం ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు దగ్గరో, డబ్బాలో వదులైన బోల్టు దగ్గరో దొరుకుతుంది.

వెనకట కరెంటు విడతల వారీగా వచ్చేది. అర్ధరాత్రి ఎవరు లేస్తారని అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటోలు తీసేయండని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఇప్పుడు చాలా పొలాల్లో సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్లు, అంకెలు చూపే డిజిటల్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. ఇవి మోటరును ఆపడమే కాదు, ఎందుకు ఆపాయో కూడా చెబుతాయి. మనమే ఆ మాట చదవకుండా రీసెట్ నొక్కేస్తుంటాం.

కాబట్టి ట్రిప్పు కొట్టగానే ముందు తెర మీద ఏముందో కాగితం మీద రాసుకోండి. చదువు రాకపోతే పిల్లలతో ఫొటో తీయించండి.

‘డ్రై రన్’ అని వస్తే పంపుకు నీరు అందడం లేదని అర్థం. నీరు లేనప్పుడు మోటరు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, డబ్బా దాన్ని చూసి ఆపేస్తుంది. నీరు నిండుగా పోసేటప్పుడు 9 ఆంపియర్లు చూపే మోటరుకు డ్రై రన్ హద్దు 6.5 దగ్గర ఉంటే సరిపోతుంది. కొందరు విసుగొచ్చి ఆ హద్దును 3కు దించేస్తారు. అప్పుడు ఒట్టి బోరులో కూడా మోటరు తిరుగుతూనే ఉండి బుష్‌లు అరిగిపోతాయి. హద్దు జోలికి పోకుండా మళ్లీ లేచే వ్యవధిని పెంచండి. పది నిమిషాలకు బదులు గంట పెడితే బోరులో నీరూరుతుంది. ప్రతిసారీ లేచేటప్పుడు మోటరు మామూలుకు ఐదారు రెట్ల కరెంటు గుంజుతుందని గుర్తుంచుకోండి.

‘ఓవర్‌లోడ్’ అంటే దానికి తిరుగుడు. మోటరు ఎక్కువ గుంజుతోంది. ముందు వోల్టేజీ చూడండి. 415 ఉండాల్సిన చోట 350 ఉంటే తప్పు మోటరుది కాదు, లైనుది. వోల్టేజీ సరిగానే ఉండి ఆంపియర్లు ఎక్కితే ఇసుక పట్టిందో, బేరింగు పోయిందో అనుకోవాలి. 5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్‌కు కంపెనీని బట్టి సుమారు 8 నుంచి 11 ఆంపియర్లు ఉంటుంది. మీ మోటరు రేకు మీద రాసిందే మీకు లెక్క.

అందరినీ తికమక పెట్టేది ఫేజుల తేడా. ఒక ఫేజు పూర్తిగా పోతే మిగతా రెండింటి మీదా బరువు పడి వైండింగు మాడుతుంది. డబ్బా మంచిదైతే వెంటనే ఆపుతుంది. పూర్తిగా పోకుండా తేడా మాత్రమే ఉన్నప్పుడు తప్పు లైనుదా, మోటరుదా అన్నది తేలాలి. దీనికి పాత మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. ఆర్ మీద 8, వై మీద 8, బి మీద 11 ఆంపియర్లు ఉన్నాయనుకోండి. కరెంటు పూర్తిగా తీయించి, మోటరుకు పోయే మూడు తీగలనూ వరుస చెడకుండా ఒక్కో స్థానం జరపాలి. ఆర్‌లోది వైకి, వైలోది బికి, బిలోది ఆర్‌కు. మళ్లీ నడిపి చూడండి. 11 ఇంకా బి దగ్గరే ఉంటే లోపం పైనుంచి వచ్చే లైనులోనో, డబ్బాలోనో ఉంది. మోటరు ముట్టనక్కర్లేదు. 11 ఆ తీగ వెంట ఆర్‌కు పోయిందంటే లోపం కేబుల్ జాయింటులోనో, వైండింగులోనో ఉన్నట్టు. వరుస చెడితే మోటరు ఉల్టా తిరుగుతుంది, కాబట్టి ఈ పని తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. ‘జరిపి చూసినవా?’ అని మాత్రం అడగండి.

ఆ తర్వాత మెగ్గర్ పెట్టించాలి. 2 మెగోమ్‌లకు పైన చూపితే నిశ్చింత. అర మెగోమ్ కంటే కిందికి దిగితే కేబుల్‌లోకో మోటరులోకో నీరు దిగింది. పైకి తీయాల్సింది అప్పుడే.

తెర మీద ఏమీ రాకపోతే డబ్బా తలుపు తీయించి చూడండి. కాంటాక్టర్ మధ్య బల్లి చచ్చి ఉండడం, చీమలు గూడు కట్టడం, తీగ మొన నల్లగా మాడడం మామూలే. ఫోన్ చేస్తే మోటరు లేవడం లేదంటే సిమ్‌లో రీచార్జి అయిపోయి ఉండొచ్చు. ఆ సంగతి ముందే చూసుకుంటే మెకానిక్ బండి పెట్రోలు మిగులుతుంది!

కొందరు ఈ తిప్పలన్నీ ఎందుకని డబ్బాను పక్కన పెట్టి మోటరుకు డైరెక్ట్ ఇచ్చేస్తారు. ఆ రోజుకు నీళ్లొస్తాయి. తర్వాత ఒక ఫేజు పోయినప్పుడు ఆపేవారుండరు, మోటరు మాడిపోతుంది. పైగా విప్పి పెట్టిన తీగలు, తడి మడి, ఒట్టి కాళ్లు... ప్రాణం మీదికే వస్తుంది. డబ్బాకు ఎర్తు ఉందో లేదో ఇవ్వాళే చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి ఫ్యూజు మీరే వేయొద్దు. లైన్‌మన్‌ను పిలవండి, ఆయన దొరకకపోతే 1912కు ఫోన్ చేయండి.

మోటరు బాగా నడుస్తున్న రోజున మూడు ఫేజుల వోల్టేజీ, ఆంపియర్లు, తేదీ డబ్బా తలుపు లోపల పెయింటుతో రాయించండి. చెడిపోయిన నాడు పోల్చుకోవడానికి ఆ అంకెలే పనికొస్తాయి.