కోళ్ల మేతలో మందులా, మూలికలా?

స్వస్థుని ఆరోగ్యాన్ని కాపాడటం ఒక కార్యం. రోగి వ్యాధిని పోగొట్టడం మరొక కార్యం. గురుకులంలో మా గురువుగారు ఈ భేదాన్ని తొలినాళ్లలోనే బోధించారు. కోళ్ల పెంపకంలో ఈ భేదం చెరిగిపోవడమే అనర్థానికి మూలమని నా అభిప్రాయం.

1940ల చివర అమెరికాలో, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని తిన్న కోడిపిల్లలు త్వరగా పెరగడం కనిపించింది. నాటి నుండి జబ్బు లేని కోళ్లకు సైతం యాంటీబయాటిక్‌లను స్వల్ప మోతాదులో మేతలో కలిపే అలవాటు ప్రబలింది. అందువలన మందుకు లొంగని క్రిములు మిగిలి వృద్ధి చెందుతాయి. మాంసం ద్వారా, కోళ్ల ఎరువు ద్వారా అవి మనలను చేరగలవు. మన బిడ్డకు జబ్బు చేసిననాడు ఆ మందే పనిచేయకపోవచ్చు. ఈ కారణంగానే పెరుగుదల కోసం వీటి వాడకాన్ని స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా నిషేధించాయి. మనుష్యులకు కడపటి ఆధారమైన మందులలో ఒకటి కొలిస్టిన్. దానిని ఆహారానికై పెంచే జంతువులకు వాడరాదని మన ప్రభుత్వం 2019లో ఆజ్ఞాపించింది.

మేతలో మూలికలు

పసుపు, వెల్లుల్లి, వాము, నేలవేము, వేపాకు ఇందుకు పరిశీలింపబడినవి. వాములోని థైమాల్, వెల్లుల్లిలోని అల్లిసిన్ క్రిములను అణచగలవని ప్రయోగశాలలలో తేలింది. వాము దీపన పాచన గుణాలు కలది కూడా. పసుపును కిలో మేతకు 5 గ్రాముల చొప్పున కలిపి పరీక్షించారు. అయితే ఫలితాలు అన్నిచోట్ల ఒకే తీరుగా లేవు. పండిన నేలను, నిల్వ చేసిన విధానాన్ని బట్టి మూలిక గుణం మారుతుంది.

మూలికలు శుభ్రతకు బదులు కావు. ఇరుకు గూడు, తడిసిన వరిపొట్టు, మురికి నీరు ఉన్నచోట ఏ మూలికా రక్షించలేదు.

పెరటి కోళ్లకు

కొక్కెర తెగులు వైరస్ వలన వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, మూలికలు చాలవు. ముందుగా టీకా వేయించాలి. జబ్బుపడిన కోడిని పశువైద్యునికి చూపించండి. ఆయన యాంటీబయాటిక్ ఇచ్చినట్లయితే, చెప్పిన గడువు తీరే వరకు ఆ కోడి గుడ్లు, మాంసం తినరాదు.

కొనేవారికి

పచ్చి మాంసాన్ని కుళాయి ధార కింద కడిగితే తుంపరలతో క్రిములు వంటగదిలో వ్యాపిస్తాయి. లోపలి దాకా ఉడికించండి. కత్తిపీటను, చేతులను సబ్బుతో కడగండి. ఇక మూలికల మేత తిన్న కోడి అని ఎవరైనా అధిక ధర చెప్పినప్పుడు, ఏ మూలిక పెట్టారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. యాంటీబయాటిక్ మానారా అని అడగండి. అది మానకుండా పసుపు ఎంత కలిపినా ప్రయోజనం లేదు.